ఒత్తులు మింగే ఈ-రీడర్

నా ఈ-రీడర్‌కి (ఈ-పుస్తకాలు చదువుకునే చిన్న పరికరం) తెర ఎంత, మెమరీ ఎంత, లైటుకి ఎన్ని మెట్లు అన్నవి ఎక్కడ చూసినా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. కంపెనీ పేరు కూడా చెప్పను. నేను చూసినంతలో ఆరంగుళాల ఈ-రీడర్లన్నీ నేను చెప్పబోయే విషయంలో ఒకే తాను గుడ్డలు. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాన్ని ఇది ఎలా చదివిస్తుంది, ఎలా ఏడిపిస్తుంది అన్న ఒక్క సంగతే రాస్తాను.

మాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. కొత్త తెలుగు పుస్తకం కావాలంటే శ్రీకాకుళమో విశాఖో వెళ్లేవాళ్లకి చీటీ రాసివ్వాలి. పాతదైతే అక్కడా దొరకదు, స్కానే గతి. ప్రస్తుతం నా రీడర్లో రెండు నడుస్తున్నాయి. ఒకటి గిడుగు రామమూర్తి గారి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’. ఆయన మా ఊరి రాజావారి బళ్లో పాఠాలు చెప్పినాయన. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపేసరికి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ పుస్తకం మీద నాకు కాస్త పక్షపాతం ఉంటే మరి ఉండదా! గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోనే ఆయన తప్పులు ఏరి చూపిస్తుంటే, గుణుపూర్ రైల్లో ఒక్కణ్ణే నవ్వుకుంటూ కూర్చుంటున్నాను. రెండోది కారా మాస్టారి (కాళీపట్నం రామారావు గారి) కథలు. ఆయన శ్రీకాకుళంలో 1997లో పెట్టిన కథానిలయం వాళ్లు, పాత పత్రికల్లో కథలు ఎలా పడ్డాయో అలాగే స్కాన్ చేసి తమ సైట్లో ఉంచారు. పుణ్యాత్ములు.

ఈ స్కాన్లు ఆరంగుళాల తెర మీద మామూలుగా తెరిస్తే చీమల బారులాగా ఉంటాయి. అప్పుడు రీడర్లో వేసుకున్న ఒక ఉచిత యాప్‌లో రీఫ్లో అనేది కనిపించింది. పేజీ బొమ్మని మాటమాటగా కోసి, పెద్దది చేసి, తెర వెడల్పుకి మళ్లీ పేరుస్తుంది. అక్షరాలు గుర్తుపట్టే పని పెట్టుకోదు, అందుకని తెలుగైనా ఒకటే, చైనా భాషైనా ఒకటే. మొదటి రోజు పత్రిక పేజీలోని రెండు కాలమ్‌లూ ఒకే కాలమ్‌గా, లావుపాటి అక్షరాలతో కిందికి జారుతుంటే నాకు లాటరీ తగిలినట్టే అనిపించింది. మధ్యలో ఒకసారి తలనూనె ప్రకటన కథలోకి దూరి, ఒక రైతు మాట్లాడుతూ మాట్లాడుతూ జుట్టు రాలడం గురించి చెప్పాడు. దానికేం, సరదాగానే ఉంది.

ఒత్తుల సంగతి మాత్రం సరదా కాదు. అచ్చక్షరాలు చేత్తో పేర్చిన కాలం పుస్తకాల్లో ఒత్తు పై అక్షరానికి తగలకుండా కింద విడిగా ఉంటుంది. రీఫ్లో ఏమో తెల్లటి ఖాళీ ఎక్కడుంటే అక్కడ లైను అయిపోయిందనుకుంటుంది. దానికి ఒత్తు కనబడితే రెండే ఆలోచనలు: ఇదో కొత్త లైను, లేకపోతే ఇదో మరక. లైననుకుంటే కింద ఒక టవత్తూ ఒక లవత్తూ దిక్కులేకుండా వరసలో నిలబడతాయి. మరకనుకుంటే తుడిచేస్తుంది. గుడ్డివాడు గుడివాడైపోతాడు, పిల్ల పిలైపోతుంది. గిడుగు వారి భిషక్కులు పేజీ పేజీకీ భిషకులు. కథైతే ఊహించి చదువుకోవచ్చు. పండితుల తప్పులు పట్టే పుస్తకంలో, ఈ తప్పు పండితుడిదా యంత్రానిదా అని ఆగి ఆలోచించాల్సి వస్తే ఇంకేం చదువుతాం? మా అమ్మాయి ఒడియా పుస్తకాలకి ఈ బాధ తక్కువ, ఒడియాలో కింద రాసే అక్షరం చాలావరకు పైదానికి అతుక్కునే ఉంటుంది. మా అమ్మాయి నన్ను చూసి నవ్వుతుంది కూడా.

చాలాకాలం ఇలాగే తిట్టుకుంటూ చదివాక, సెట్టింగుల్లో అట్టడుగున రెండు మీటలు దొరికాయి. ఒకటి ఒరిగిన పేజీని నిటారుగా నిలబెట్టేది. స్కాన్ చేసినప్పుడు పుస్తకం ఏ కొంచెం వాలినా ఒక లైను ఒత్తులు పక్క లైను తలకట్లలోకి వెళ్తాయి, సగం గొడవ అక్కడే. రెండోది ఎంత చిన్న చుక్కని మరకగా లెక్కించాలో చెప్పేది. దాన్ని బాగా తగ్గించాను. ఒత్తులు దాదాపు అన్నీ తిరిగొచ్చాయి! కాకపోతే వాటితోపాటు పురుగు కొరికిన కన్నాలూ వచ్చాయి. అవి అక్షరం పక్కన పడితే అచ్చం సున్నాల్లా ఉంటాయి. పాత అచ్చులో సున్నా ఎక్కడుండాలో తెలిసిన నాలాంటి వాడికి ఫరవాలేదు గానీ, కొత్తగా తెలుగు నేర్చుకుంటున్న పిల్లల చేతికి మాత్రం ఇవ్వను.

బ్యాటరీ గురించి ఒక మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా జిల్లా అంతా చీకటైపోయినప్పుడు, ఫోన్లు చచ్చి పడుంటే ఇదొక్కటే వెలిగింది. ఆ రాత్రుల తర్వాత కనబడినవాళ్లందరికీ దీన్ని పొగిడాను, కొందరి చేత కొనిపించాను కూడా. అప్పుడు చదివింది మామూలు ఈ-పుస్తకాలు. రీఫ్లోలో ప్రతి పేజీనీ కోసి పేర్చాలి కాబట్టి ఛార్జింగ్ కరిగిపోతుంది, పేజీ తిప్పితే ఒక నిట్టూర్పు విడిచేంత సేపు ఆగాలి. బ్యాటరీ కూడా ముసలిదైంది, ఛార్జింగ్ పెట్టే కన్నం వదులైంది. వారాల తరబడి వస్తుందని నేను చెప్పిన మాట స్కాన్లు చదివేవాళ్లకి వర్తించదు, కొన్నవాళ్లు క్షమించాలి.

ఇప్పుడు నా పద్ధతి ఇది: కథలకి రీఫ్లో, గిడుగు వారికి రీడర్‌ని అడ్డంగా తిప్పి సగం సగం పేజీ. అడ్డంగా తిప్పితే అక్షరం మరీ పెద్దదవదు, కానీ ఒక్క ఒత్తూ పోదు. నా కళ్లద్దాల నంబరు ఇంకా అంత ముదరలేదు కాబట్టి సరిపోతోంది. యాభై దాటి, పాత స్కాన్లే ఎక్కువ చదివేవాళ్లయితే, డబ్బుంటే పదంగుళాల తెర చూడండి. నేను ఒకరి దగ్గర అడిగి తీసుకుని చూశాను, పేజీ ఉన్నదున్నట్టుగా పడుతుంది, ఈ కోతల పనే లేదు. అయితే రైల్లో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో చదవడం దాంతో కష్టం. కొత్త తెలుగు ఈ-పుస్తకాలే చదివేవాళ్లకి ఫోను చాలు. నేను మాత్రం ఈ ఛార్జింగ్ కన్నం పూర్తిగా పోయేదాకా దీంతోనే నెట్టుకొస్తాను, ఆ తర్వాత పదంగుళాలదో, మళ్లీ ఇదో, అప్పటి చేతిలో డబ్బుని బట్టి.