టోర్నమెంట్ క్యారమ్ బోర్డు: ఏళ్లు వాడాక తెలిసిన సంగతులు

క్యారమ్ బోర్డు కొనడానికి వెళ్లిన ప్రతి ఒక్కరూ చేసేది ఒకటే. ఒక కాయిన్‌ని పలక మీద వేలితో తోసి, ఎంత దూరం జారిందో చూసి తలూపడం. కొత్త పాలిష్, పైన దండిగా పౌడరు ఉంటే ఏ బోర్డయినా జారుతుంది, అందులో గొప్పేం లేదు. బోర్డు సత్తా తెలిసేది ఫ్రేములో, అదీ కొన్నేళ్లు దెబ్బలు తిన్నాక. మా ఇంట్లోది పూర్తి టోర్నమెంట్ సైజు బోర్డు. 12 మిల్లీమీటర్ల ప్లై, తుమ్మ చెక్క ఫ్రేము. పిల్లలు కుర్చీల మీద మోకాళ్లేసుకుని ఆడే రోజుల్లో కొన్నాం. ఇప్పుడు వాళ్లు నాకు రెడ్డు దక్కనివ్వడం లేదు.

ఈ ఆటకు కొలతలు నిర్ణయించింది అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య. 1988లో చెన్నైలో ఏర్పడిన సంస్థ. ఆడే పలక ఒక్కో వైపు 73.5 నుంచి 74 సెంటీమీటర్లు, ప్లై మందం కనీసం 8 మిల్లీమీటర్లు, పాకెట్ 4.45 సెంటీమీటర్లు, ఫ్రేము వెడల్పు 6.35 నుంచి 7.6 సెంటీమీటర్లు. వీటన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకో నియమం: 15 గ్రాముల స్ట్రైకర్‌ని గట్టిగా కొడితే అది ఫ్రేములకు తగులుతూ అటూ ఇటూ మూడున్నర సార్లు తిరగాలి. షాపులో చేయాల్సిన పరీక్ష ఇదీ. కాయిన్ జారడం కాదు.

స్ట్రైకర్ తగిలినప్పుడు ఫ్రేము కదలకుండా నిలబడితే దాని వేగం చాలావరకు వెనక్కి వస్తుంది. చెక్క తేలికదైనా, ప్లైకి సరిగా బిగించకపోయినా ఆ వేగాన్ని ఫ్రేమే మింగేస్తుంది. తుమ్మ, రోజ్‌వుడ్ లాంటి బరువైన చెక్కకు గిరాకీ ఊరికే రాలేదు. మా బోర్డు ఒక వానాకాలం తర్వాత కుడివైపు చచ్చుబడింది. మిగతా మూడు వైపులా ‘టక్’మని పలికే స్ట్రైకర్ అటు తగిలితే ‘బద్’మని ఆగిపోయేది. వంగి చూస్తే ఆ వైపు ఫ్రేముకూ ప్లైకీ మధ్య సన్నటి తెల్లగీత. చీలికలో పౌడరు చేరిందన్నమాట. బోర్డు తిరగేసి స్క్రూలు బిగించాం. ఒక్కోటీ ఒకటిన్నర చుట్టు తిరిగింది. దాంతో రీబౌండ్ మళ్లీ వచ్చేసింది. అప్పట్నుంచి ఏటా ఒకసారి బోర్డు బోర్లించడం ఆనవాయితీ అయింది. పాత బోర్డు కొనేవాళ్లు కూడా ముందు ఆ తెల్లగీత కోసం వెతకండి.

ఫ్రేము లోపలి అంచు మీద గోరు రాస్తూ పోతే ఆ బోర్డు ఎంత ఆడిందో తెలిసిపోతుంది. మూలల దగ్గర నునుపు, నడిమి భాగానికి వచ్చేసరికి సన్నసన్న గుంటలు. అక్కడ వార్నిష్ పోయి చెక్క నల్లబడింది. రీబౌండ్ కోణం ఒక్కోసారి వెంట్రుకవాసి తప్పుతుంది. మా స్థాయి ఆటకు అది ఓడిపోయినప్పుడు చెప్పుకోవడానికి పనికొచ్చే సాకు, అంతే.

పలక సంగతి తక్కువలో చెప్పేస్తాను. గీతలు పడతాయి, ఆటకు అడ్డురావు. ముందుగా అరిగేది స్ట్రైకర్ పెట్టే బేస్‌లైన్ల మధ్య భాగం, అక్కడ ఎర్రరంగు వెలిసిపోయింది. చూడాల్సింది వంపు. పొడవాటి స్టీలు స్కేలుని అంచు మీద నిలబెట్టి, అవతల నుంచి టార్చి వేసి చూడండి. నడిమధ్యలో వెలుగు కారుతుంటే ప్లై కుంగినట్టే. మాది ఇంకా కుంగలేదు, వెనక బిగించిన అడ్డపట్టీల పుణ్యం. గోడకి ఏటవాలుగా ఆనించి నెలల తరబడి వదిలేస్తే మాత్రం ఏ పట్టీలూ కాపాడవు. చదునుగా పడుకోబెట్టాలి, లేదా నిట్టనిలువుగా నిలబెట్టాలి.

పౌడర్ విషయంలో మాకు బోరిక్కే బాగా కుదిరింది. బోరిక్ ఆమ్లం స్ఫటికాలు పొరలు పొరలుగా ఉంటాయి, ఒత్తిడి పడితే ఆ పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. కాయిన్ నిజానికి పలక మీద కాదు, ఆ పొరల మీద పరిగెడుతుంది. కాబట్టి చిటికెడు చాలు. గుప్పెడు పోస్తే వాన రోజుల్లో ముద్దకట్టి కాయిన్‌కి బ్రేకు వేస్తుంది. ఆట అయ్యాక పొడి నూలు గుడ్డతో తుడవాలి, తడిగుడ్డ తగలనివ్వకూడదు. బోరిక్ పౌడరు నోట్లో పడకూడని పదార్థం, పాకే పిల్లలున్న ఇంట్లో డబ్బా పై అరలో పెట్టండి.

క్యారమ్ పుట్టుక మీద కథలు చాలానే ఉన్నాయి. అమెరికాలో పాకెట్లున్న ఇలాంటి బోర్డుని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మిషిగన్ రాష్ట్రంలోని లడింగ్టన్‌లో హెన్రీ హాస్కెల్ అనే ఆయన తయారుచేశాడు. కుర్రాళ్లు బిలియర్డ్స్ అడ్డాల చుట్టూ తిరిగి చెడిపోకుండా ఉండాలని ఆయన తాపత్రయం. అక్కడ కుర్రాళ్లని బాగుచేయడానికి పుట్టిన బోర్డు, మన ఇళ్లలో ‘చదువు చట్టుబండలైపోతోంది’ అని తిట్లు తినిపించింది!

బోర్డుతో పాటు ఇచ్చిన కాయిన్లు తీసిపారేయదగ్గవి. నియమం ప్రకారం ఒక్కోటి 5 నుంచి 5.5 గ్రాములుండాలి, మాకు వచ్చినవి తూస్తే ఒకటి బరువు, ఒకటి తేలిక. మంచి సెట్టు విడిగా కొన్నాం. స్ట్రైకర్ 15 గ్రాములు దాటకూడదు, దంతంతోనో లోహంతోనో చేసినది ఒప్పుకోరు. మాది యాక్రిలిక్, అంచు చెక్కుచెదరలేదు.

స్టాండు ఇంకో తలనొప్పి. మొదట తీసుకున్న ఇనుప మడత స్టాండు ప్రతి గట్టి దెబ్బకీ ఊగేది. ఫ్రేము ఎంత మంచిదైనా కింద కాళ్లు ఊగితే ఫలితం సున్నా. వడ్రంగి చేత నాలుగు కాళ్ల చెక్క స్టాండు చేయించాక గానీ కుదుటపడలేదు. స్టాండు ఎత్తు 63 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య ఉండాలంటారు. డైనింగ్ టేబుల్ మీద పెట్టి ఆడేవాళ్లకి భుజాలెందుకు నొప్పెడతాయో ఇప్పుడు తెలిసిందిగా.

డబ్బు చూసుకోవాల్సివస్తే ప్లై మందంలో తగ్గండి, ఫ్రేములో తగ్గకండి. ఇలాంటి బోర్డు ఎత్తడానికి ఇద్దరు కావాలి, తరచూ ఇల్లు మారేవాళ్లు ఆ సంగతి ఆలోచించుకోండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే స్టాండు కాళ్లకి రబ్బరు బుడిపెలు ముందే వేయించండి. మేం కింది ఫ్లాటువాళ్లు తలుపు కొట్టాక వేయించాం.