అమ్మవారి కల్యాణం చీరలంటూ ‘ఉప్పాడ జాందానీ’ అమ్ముతున్నారు, డబ్బు పంపకండి

రోజూ పొద్దున్నే గోదావరి హారతి ఫొటోతో శుభోదయం చెప్పి, మధ్యాహ్నానికల్లా పట్టుచీరలు అమ్మకానికి పెట్టే ఆ వాట్సాప్ గ్రూపులో మీరూ ఉంటే ఇది చదవండి. ఏ గ్రూపో మీకు తెలుసు. కోనసీమలో చీరల పిచ్చి ఉన్నవాళ్లలో సగం మందిమి అందులోనే ఉన్నాం. ఉన్నాం అంటున్నాను గానీ నన్ను నిన్ననే తీసేశారు. దాన్ని నడిపే మనిషి పేరు రాస్తే ఈ పోస్టు తీయించేస్తాడు కాబట్టి రాయను. అందులో ‘కల్యాణం చీర’ అని కనిపించే ఏ చీరకూ ఒక్క రూపాయి కూడా పంపకండి. ముందు ఈ మాట చెప్పేస్తే నా గుండె కాస్త తేలికపడుతుంది.

మా అమ్మాయికి సంబంధం కుదిరితే కోనసీమలోని మురమళ్ల వీరేశ్వరస్వామికి కల్యాణం చేయిస్తామని, భద్రకాళి అమ్మవారికి పట్టుచీర పెడతామని మొక్కుకున్నాం. కుదిరింది. ఆ గుడిలో రోజూ కల్యాణమే కదా, రుసుము కట్టి తేదీ తీసుకున్నాం. ఇక చీర కొనాలి అనుకుంటుండగా ఈ మహానుభావుడు గ్రూపులో ఒక చీర పెట్టాడు. చిలకపచ్చ ఒళ్లు, కుంకుమరంగు పెద్ద అంచు, ఒంటినిండా జరీ మామిడిపిందెలు. ‘అసలైన ఉప్పాడ జాందానీ, స్వామివారి నిత్యకల్యాణం కోసమే నేయించినది, ఒకే ఒక్కటి ఉంది’ అని కింద రాశాడు. ధర 18,500 రూపాయలు. ఉప్పాడ జాందానీ అంటే కాకినాడ పక్కన ఉప్పాడలో చేమగ్గం మీద నేసే చీర.

దానితో పాటు ఒక వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. వెనకాల నాదస్వరం, ముందు ఈయన గొంతు. ద్రాక్షారామంలో దక్షుడి యజ్ఞాన్ని ధ్వంసం చేసిన వీరభద్రుడు సతీదేవి లేదన్న ఉగ్రంతో గౌతమి ఒడ్డుకు వచ్చాడని, దేవతలు వేడుకుంటే అమ్మవారు కొలనులో నుంచి కన్యగా వెలువడిందని, ఆమెను చూడగానే ఆయన కోపం చల్లారిందని, మునులు ఇద్దరికీ గాంధర్వ పద్ధతిలో పెళ్లి చేశారని చెప్పాడు. ఇంతవరకు మా అత్తగారు చెప్పిన స్థలపురాణమే. అక్కడి నుంచి ఈయన సొంత అధ్యాయం మొదలైంది. కొలనులో నుంచి వచ్చినప్పుడు అమ్మవారు కట్టుకున్న చీర సరిగ్గా ఈ రంగేనట. ఆ చీర నేసిన వంశంవాళ్లే ఇప్పటికీ ఉప్పాడలో నేస్తున్నారట. మగ్గం గుంటలో దిగే ముందు దీక్ష పడతారట. అప్పటికప్పుడు జరిగిన గాంధర్వ వివాహానికి పెళ్లిచీర ఎవరి దగ్గర కొన్నారో కూడా తెలిసిన పౌరాణికుడు మనకు దొరికాడు! నేనేమో భక్తిగా విని, మా వదినకు కూడా పంపించి, ఫోనులో డబ్బు కట్టేశాను. మేముండేది కాకినాడలో. బస్సెక్కితే ఉప్పాడ ఎంతసేపు? పక్క ఊరి చీరను ఫోనులో కొన్న నా తెలివికి ఇంట్లో ఇప్పటికే సన్మానాలు జరుగుతున్నాయి. మీరు మళ్లీ చేయనక్కర్లేదు.

పార్సిల్ వచ్చింది. పైన బంగారు రంగు అట్టపెట్టె, దానిమీద మురమళ్ల గోపురం బొమ్మ, లోపల పసుపు పొట్లం, కుంకుమ పొట్లం, ఒక ఎండు ఖర్జూరం. దేవుడి చీర కదా అని మడత విప్పకుండా అలాగే పూజగదిలో పెట్టాను. యానాం వంతెన దాటి మురమళ్ల చేరి, గది తీసుకుని, పళ్లెంలో పళ్లు, పూలు సర్దుతూ పెట్టె తెరిచేసరికి సాయంత్రమైంది.

మా తోటికోడలి పుట్టిల్లు ఉప్పాడ పక్కనున్న కొత్తపల్లి. వాళ్ల నాన్నగారు మగ్గం మీదే బతికిన మనిషి. ఆమె చీర చేతిలోకి తీసుకోగానే ముఖం మారిపోయింది. ఏమీ అనకుండా కొంగు తిరగేసి నా ఒళ్లో పెట్టింది. వెనకవైపు ప్రతి మామిడిపిందె చుట్టూ కత్తిరించిన జరీ పోగులు, గడ్డం గీసుకోని మనిషి చెంపలాగా గరగరలాడుతున్నాయి. గోరు పెట్టి గీస్తే రెండు మూడు పోగులు ఊడి వచ్చాయి.

“అక్కా, జాందానీకి వెనకా ముందూ ఉండదు” అంది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, మీకు పనికొస్తుంది. జాందానీలో పేక, అంటే అడ్డపోగు, ఒక్కసారి అటు వెళ్లగానే, బుటా (ఈ మామిడిపిందె లాంటి పూవు) రావలసిన చోటల్లా విడివిడిగా చిన్న చిన్న కండెలతో జరీ పోగును చేత్తోనే దూరుస్తారు. ఆ పోగు బుటా అంచు దగ్గరే వెనక్కి తిరుగుతుంది తప్ప పక్క బుటా దాకా వెళ్లదు. అందుకే రెండువైపులా పూవు ఒకేలా కనిపిస్తుంది, కత్తిరించాల్సిన పోగే ఉండదు. పని ఎక్కువున్న చీరకు ఒకే మగ్గం మీద ఇద్దరు కూర్చున్నా నెలలు పట్టవచ్చు. కరెంటుతో నడిచే మరమగ్గం మీద అయితే జరీ పోగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుగెత్తుతుంది. బుటా ఉన్నచోట పైకి తేలుతుంది, లేనిచోట వెనక వేలాడుతుంది. ఆ వేలాడే పోగులన్నీ తర్వాత కత్తిరించేస్తారు. మా చీర వెనకాల మిగిలిన గడ్డం అదే.

కొంగు చివర కుచ్చులో నుంచి ఒక పోగు లాగి, గుమ్మం బయట అగ్గిపుల్ల గీసి అంటించింది. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. ఇది ముడుచుకుపోయి నల్లటి పూసలా గట్టిపడింది. కాలిన ప్లాస్టిక్ వాసన. అప్పుడుగానీ పెట్టెకు అంటించిన కాగితం చదవలేదు. పంపిన ఊరు సూరత్! ఉప్పాడ నుంచి కాకినాడకు సూరత్ మీదుగా వచ్చింది అమ్మవారి చీర.

వెంటనే ఫోను చేశాను. మొదట ఎత్తలేదు. మా వారి ఫోను నుంచి చేస్తే కొత్త బేరం అనుకున్నాడో ఏమో, ‘నమస్కారమండీ’ అని తేనె కారింది. చీర వెనకాల తెగిన పోగులున్నాయి, ఇది మరమగ్గం చీర, పట్టు కూడా కాదు అన్నాను. “విప్పేటప్పుడు వీడియో తీశారా అమ్మా?” అన్నాడు. తీయలేదన్నాను. “మరి అది మేం పంపిన చీరేనని ఏమిటి నమ్మకం?” అన్నాడు. పెట్టె మీద మీ ముద్ర ఉంది, గోపురం బొమ్మ ఉంది, ఇంకో గంటలో కల్యాణం, ఇప్పుడు అమ్మవారికి ఏం పెట్టమంటారు అని అడిగాను. నా గొంతు వణుకుతోంది, అది ఆయనకు వినిపించే ఉంటుంది.

చిన్నగా నవ్వాడు. “అమ్మవారికి పెట్టే చీరే కదమ్మా, మీరు కట్టుకునేది కాదు కదా. అమ్మవారు తిరగేసి చూస్తారా ఏమిటి?”

ఫోను పెట్టేశాడు.

నాకు డబ్బు పోయినందుకు ఇంత మంట లేదు. చెప్పాలంటే ఉంది, 18,500 మాకు చిన్న మొత్తం కాదు. కానీ ఆ మాట మాత్రం రెండు రాత్రులుగా నిద్ర పోనివ్వడం లేదు. నాదస్వరం పెట్టి, దక్షయజ్ఞం చెప్పి, దీక్షలు చెప్పి అమ్మిన మనిషికి అమ్మవారంటే ఇంతేనన్నమాట. చూడదు, అడగదు, వాపసు పంపదు, ఏ గ్రూపులోనూ ఫిర్యాదు రాయదు. ఆయన లెక్కలో ఇంతకన్నా మంచి ఖాతాదారు లేరు. దేవుడి పేరుతో కొనేవాళ్లు మడత విప్పరని, శుభకార్యం ముందు గొడవ పెట్టుకోరని ఆయనకు బాగా తెలుసు. అందుకే పసుపు, కుంకుమ పెట్టి పంపుతాడు. పసుపు కుంకుమ ఉన్న పెట్టెను ఎవరు తిప్పి పంపుతారు?

తిరగేసి చూడరట! ఆత్రేయపురం దగ్గర ర్యాలికి ఎప్పుడైనా వెళ్లాడో లేదో. అక్కడ ఒకే రాతిలో ముందు కేశవస్వామి, వెనక జగన్మోహిని. ఆ గుడికి వెళ్లే ప్రతి మనిషీ ముందు దండం పెట్టుకుని, వెనక్కి వెళ్లి అమ్మవారి కొప్పు, ఆ నిలుచున్న తీరు చూడకుండా తిరిగి రాడు. ముందువైపు ఎంత శ్రద్ధగా చెక్కాడో వెనకవైపూ అంతే శ్రద్ధగా చెక్కాడు ఆ శిల్పి. చేతిపని అంటే మన దగ్గర అది. ఈయన సరుకుకూ రెండు ముఖాలున్నాయి లెండి, ముందు ఉప్పాడ, వెనక సూరత్.

ఆ సాయంత్రం మా తోటికోడలు తను కట్టుకోవడానికి తెచ్చుకున్న కొత్త బండారులంక నూలు చీర ఇచ్చింది. అదే పళ్లెంలో పెట్టాం. కల్యాణం బాగా జరిగింది. ఆ సంగతి ఇక్కడ అనవసరం.

ఇంటికి వచ్చి గ్రూపులో చీర వెనకవైపు ఫొటో పెట్టాను. నిమిషాల్లో ఫొటో మాయం, నేనూ మాయం. అయితే ఆలోగా చూసినవాళ్లు కొందరు నాకు విడిగా రాశారు. ఒకావిడ ఊళ్లో రామాలయానికి ఇద్దామని ‘అజ్జరం ఇత్తడి గంట’ ఇదే మనిషి దగ్గర కొన్నారట. పిల్లవాడు ఆడుకుంటూ అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుందట. ఇత్తడికి అయస్కాంతం అతుక్కోదు. ఇంకొకరికి ‘నరసాపురం లేసు’ దేవుడి తెర వచ్చింది, చేత్తో కుట్టిన ముడి ఒక్కటీ లేదు, అంతా మిషను అల్లిక. ప్రతి వస్తువుకూ ఒక క్షేత్రం, ఒక కథ. గంటకు ద్రాక్షారామం, తెరకు పాలకొల్లు క్షీరారామం. తారకాసురుడి మెడలోని లింగం అయిదు ముక్కలై పంచారామాలు అయ్యిందని మనం చదువుకున్నాం. ఈయన అయిదింటికీ అయిదు రకాల సరుకు పెట్టాడు.

ఇందులో ఎక్కువ నష్టం మనది కూడా కాదు. ఉప్పాడ జాందానీకి 2009లో, ఇది ఫలానా చోటి సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, నరసాపురం లేసుకు 2024లో. చేనేతకు కేటాయించిన వస్త్రాలను మరమగ్గం మీద నేయకూడదని 1985లోనే చట్టం చేశారు, ఇప్పుడు ఆ జాబితాలో ఉన్న 11 రకాల్లో చీరలూ ఉన్నాయి. ఇన్ని ఉన్నా మా తోటికోడలి నాన్నగారి దగ్గరకు వచ్చేవాళ్లు ఫోనులో ఇలాంటి ఫొటోలే చూపించి, ఇదే చీర అక్కడ తక్కువకు వస్తోంది కదా అని ఆయనతో బేరమాడుతున్నారట. ఆయన చీర తిరగేసి చూపించినా, అర్థం చేసుకునే ఓపిక ఎవరికి ఉంది? నాకు మాత్రం మొన్నటి దాకా ఉందా ఏమిటి.

ఏం చేయాలో కూడా రెండు ముక్కలు. చేతనైతే ఉప్పాడ, కొత్తపల్లి వెళ్లి మగ్గం దగ్గర కొనండి, లేదా రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కోలో, సహకార సంఘాల్లో కొనండి. ఫోనులోనే కొనాల్సి వస్తే వెనకవైపు వీడియో అడగండి, అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ చీటీ ఉందో లేదో చూడండి, బిల్లు లేకుండా డబ్బు కట్టకండి. పెట్టె మీద ‘జీఐ’ అని అచ్చు వేసినంత మాత్రాన ఏమీ కాదు, నా పెట్టె మీద కూడా ఉంది. పార్సిల్ విప్పేటప్పుడు, దేవుడిదైనా సరే, వీడియో తీయండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, ఏమవుతుందో ఇక్కడే రాస్తాను. ఇప్పుడే డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

ఇంత హడావుడిగా రాయడానికి కారణం ఇంకొకటి ఉంది. గ్రూపులో ఇంకా ఉన్న మా వదిన పొద్దున ఒక ఫొటో పంపింది. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి ఇప్పటి నుంచే ‘నృసింహ పట్టు’ అని ముందస్తుగా డబ్బు కట్టించుకుంటున్నాడు. భీష్మ ఏకాదశి రథోత్సవం నాటికి ఇంటికి చేరుస్తాడట, అంతర్వేది స్థలపురాణంలో స్వామి చంపిన రాక్షసుడు రక్తావలోచనుడి కథ వాయిస్ మెసేజ్ ఉచితం. చీర అదే, చిలకపచ్చ ఒళ్లు, కుంకుమ అంచు. కింద అప్పటికే ముగ్గురు ‘నాకు ఒకటి’ అని రాశారు. ఆ ముగ్గురిలో ఎవరైనా ఇది చదువుతుంటే నాకు మెసేజ్ పెట్టండి, నా చీర వెనకవైపు ఫొటోలు పంపుతాను.