పికప్ పోయిన డీజిల్ బండికి కేఆర్ పురంలో మంచి షెడ్డు

డీజిల్ బండి పికప్ పడిపోయిందని షెడ్డు షెడ్డుకీ తిరుగుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, బెంగళూరులో కేఆర్ పురం హ్యాంగింగ్ బ్రిడ్జి దాటి హొస్కోటె వైపు వెళ్లే రోడ్డులో భట్టరహళ్లి దగ్గర లోపలికున్న ఈ షెడ్డులో ఒకసారి చూపించండి. బోర్డు పెద్దగా కనపడదు, బయట పాత బండ్లు నిలబెట్టి ఉంటాయి, అదే గుర్తు. నడిపేది మదనపల్లె ఆయన.

నాది 1.3 లీటర్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్-4. సిటీ ట్రాఫిక్‌లో పెద్దగా తెలిసేది కాదు గానీ తిరుపతి నుంచి వస్తూ మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేర్‌లో ఫుల్లుగా తొక్కినా బండి లాగేది కాదు, వెనక నల్లటి పొగ, బానెట్ లోపల్నుంచి ఉస్సుమని సౌండు. లారీని దాటేద్దామని పక్కకి తీశాక పవర్ రాకపోతే ఎంత భయమేస్తుందో ఆ రోడ్డు మీద తోలినవాళ్లకి తెలుసు, పైగా వెనక సీట్లో పిల్లలు. చెక్ ఇంజిన్ లైటు కూడా ఒక్కోసారి వెలిగి ఆరిపోయేది. ఇంతకుముందు చూపించిన చోట, పేరు ఎందుకులే, స్కానర్ పెట్టి పి0299 కోడ్ వచ్చింది, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) పోయింది, మొత్తం మార్చాలి అని నలభై వేల పైన ఎస్టిమేట్ రాసిచ్చారు. ఒక్క రౌండు కూడా బండి తోలి చూడలేదు. అసలు ఆ కోడ్‌కి అర్థం టర్బో నుంచి రావాల్సినంత ప్రెషర్ రావట్లేదని, అంతే. ఎందుకు రావట్లేదో కోడ్ చెప్పదు. టర్బోనే అరిగి ఉండొచ్చు, టర్బో ప్రెషర్ మరీ ఎక్కువ కాకుండా పొగని పక్కకి వదిలే వేస్ట్‌గేట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు, పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ సరిగ్గా మూసుకోకపోవచ్చు, గాలి దారిలో ఎక్కడో లీకవుతూ ఉండొచ్చు. ఇవేవీ చూడకుండా అన్నిటికంటే ఖరీదైన పార్ట్ మార్చమనడం నాకు చాలా కోపం తెప్పించింది.

ఇక్కడ ఆయన చేసిన పని చూడండి. "ముందు తోలి చూద్దాం పాన్నా, విప్పేది తర్వాత" అని స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కి స్కానర్ తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా కీ మాత్రం ఆన్ చేసి ఇంజిన్‌లోకి పోయే గాలి ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సార్ రీడింగ్ చూపించాడు, 91 కిలోపాస్కల్. "ఇది బయట గాలి ప్రెషరన్నా, బెంగళూరు ఎత్తు మీద ఉంది కదా అందుకే ఇంత, ఇదే చెన్నైలో అయితే 101 దాకా చూపిస్తాది" అన్నాడు. అంటే సెన్సార్ అబద్ధం చెప్పట్లేదని అక్కడే తేలిపోయింది.

తర్వాత హొస్కోటె వైపు రోడ్డు కాస్త ఖాళీగా దొరికిన చోట మూడో గేర్‌లో 1500 ఆర్‌పీఎమ్ నుంచి ఒక్కసారిగా ఫుల్లు తొక్కాడు, నేను పక్క సీట్లో కూర్చుని స్క్రీన్ చూస్తున్నా. 2000 దాటేసరికి మ్యాప్ నంబరు మొదట చూసినదానికి రెట్టింపు దగ్గరకి పోవాలంట, మాది 130 దగ్గరే ఆగిపోయింది. అదే టైంలో కామన్ రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకి వెళ్లే డీజిల్ ప్రెషర్ మాత్రం ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఎంత అడిగితే అంత వస్తోంది, కాబట్టి డీజిల్ ఫిల్టర్ మీదా పంపు మీదా అనుమానం పోయింది. ఆర్‌పీఎమ్‌తో పాటే స్పీడూ పెరుగుతోంది కాబట్టి క్లచ్ జారట్లేదు. ఒక్క డ్రైవ్‌లో ఇన్ని పక్కకి పోయి గాలి సైడు మాత్రమే మిగిలింది.

షెడ్డుకొచ్చాక టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ కింది వైపు టార్చి కొట్టి చూపించాడు, క్లిప్పు పక్కన నల్లగా జిడ్డు పట్టి తడిగా ఉంది. పైనుంచి చూస్తే హోస్ బాగానే కనిపిస్తోంది, చేత్తో వంచితే అప్పుడు చీలిక నోరు తెరిచింది. ఐడిల్‌లో ప్రెషర్ ఉండదు కాబట్టి మూసుకునే ఉంటుంది, గట్టిగా తొక్కినప్పుడే తెరుచుకుంటుంది, అందుకే నిలబెట్టి చూసినవాళ్లకి దొరకలేదు. అయినా అంతటితో వదల్లేదు, పైపు ఒక చివర మూసి తక్కువ ప్రెషర్‌లో గాలి పెట్టి సబ్బు నీళ్లు కొట్టాడు, చీలిక దగ్గర తప్ప ఇంకెక్కడా బుడగ రాలేదు. నల్ల పొగ ఎందుకని అడిగితే, గాలిని ముందు ఎయిర్ ఫ్లో సెన్సార్ కొలుస్తుంది, ఆ లెక్కకి తగ్గట్టు డీజిల్ పడుతుంది, కానీ ఆ గాలి దారిలో బయటికి పోతోంది కాబట్టి గాలి చాలక డీజిల్ సరిగ్గా కాలట్లేదు అని విడమరిచి చెప్పాడు. టర్బో షాఫ్ట్ కూడా వేలితో ఊపి చూపించాడు, ఆట లేదు.

హోస్ జేసీ రోడ్‌లో నన్నే తెచ్చుకోమన్నాడు, పార్ట్ నంబరు రాసిచ్చి, లోపల పొరలున్న బూస్ట్ హోసే తీసుకో, రేడియేటర్ హోస్ లాంటి మామూలు రబ్బరుది చవగ్గా ఇస్తామంటే వద్దను, ఆయిల్ తగిలి ఉబ్బిపోతుంది అన్నాడు. బిగించే ముందు పైపు చివరలు జిడ్డు లేకుండా తుడిచాడు, లేకపోతే ప్రెషర్‌కి జారి ఊడొస్తుందంట, క్లిప్పులు కూడా కొత్తవే వేశాడు. హోస్ 2,200, క్లిప్పులు, లేబర్ కలిపి ఇంకో 900. మళ్లీ అదే రోడ్డు, అదే గేరు, ఈసారి 190 దాటింది. కోడ్ అప్పుడు క్లియర్ చేశాడు, ముందు కాదు. తర్వాత మొగిలి ఘాట్‌లో మూడో గేర్‌లోనే లారీలు దాటుకుంటూ వచ్చేశాం, పొగ లేదు.

పెట్రోల్ బండ్లకీ ఇదే పద్ధతి. మా ఆఫీసులో ఒకతనిది గట్టిగా తొక్కితే జెర్కులు, ప్లగ్గులు మార్చినా తగ్గలేదు, ఇక్కడ ఫ్యూయల్ ట్రిమ్ బాగా ప్లస్‌లో ఉందని, అంటే పెట్రోల్ చాలక ఇంజిన్ కంప్యూటర్ ఇంకా ఎక్కువ పోయించడానికి చూస్తోందని చూసి గేజ్ పెడితే లోడ్ మీద పెట్రోల్ ప్రెషర్ పడిపోతోంది, ట్యాంకులో ఉండే పంపు దగ్గర జాలీ చెత్తతో మూసుకుపోయిందంట.

ఇబ్బందులూ ఉన్నాయి. కూర్చోడానికి చోటు లేదు, ఫోన్ ఎత్తడు, మెసేజ్ పెడితే రాత్రికి రిప్లై ఇస్తాడు. చేసేది ఆయనా ఒక కుర్రాడూ, కాబట్టి శనివారం వెళ్తే సాయంత్రం దాకా అక్కడే. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పని ముట్టుకోడు, ఆ మాట ముందే చెప్పేస్తాడు. బిల్లు కావాలంటే మాత్రం బండి ఇచ్చేటప్పుడే అడగండి, తర్వాత అడిగితే లేటవుతుంది.