రంగత్ బస్సు, పంటు, పలకని ఫోను

మా అక్కని అండమాన్ దీవుల్లోని రంగత్‌లో ఇచ్చి పదిహేనేళ్ళయింది. బావ వాళ్ళది మా సోంపేట వైపే. వాళ్ళ నాన్నగారు చేపల వేటకని అండమాన్ వెళ్ళి అక్కడే ఉండిపోయారు. మొన్న జనవరిలో అమ్మని తీసుకుని మొదటిసారి వెళ్ళొచ్చాను. హావ్‌లాక్ బీచ్‌ల గురించి ఎంత కావాలంటే అంత దొరికింది గానీ, పోర్ట్ బ్లెయిర్ నుంచి రంగత్ బస్సు గురించి తెలుగులో ఒక్క ముక్క దొరకలేదు. 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదమూడు మంది తెలుగువాళ్ళే. వాళ్ళని చూడ్డానికి వెళ్ళే అమ్మానాన్నలకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది, అయినా బస్టాండులో అందరూ పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు. రంగత్ దాకా సుమారు 170 కిలోమీటర్లు. తెల్లవారుజామున చీకట్లోనే బస్సు కదిలింది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్ళన్నీ వరసలో ఆగాయి. అక్కణ్ణుంచి జరావా ఆదివాసుల అడవి. ముందూ వెనకా పోలీసులతో బారుగా పోవాలి. మధ్యలో ఆగకూడదు, ఫొటో తీయకూడదు, ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. ముందు సీటు కుర్రాడు ఫోను పైకెత్తగానే కండక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని దించేశాడు. ఆ కండక్టరుకి నా దండం. మనం పోతున్నది వాళ్ళ వాకిట్లోంచి. ఈ దారి అడవిలో మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పిందని బావ చెబితే, తిరుగు ప్రయాణం బస్సులో వద్దనుకున్నాను.

మిడిల్ స్ట్రెయిట్‌లో రోడ్డు నీళ్ళ దగ్గర ఆగిపోతుంది. జనం దిగాలి, బస్సు పంటు మీదికి, అంటే బళ్ళని నీళ్ళు దాటించే పడవ మీదికి, ఎక్కాలి. గోదావరి పంటు చూసినవాళ్ళకి కొత్తగా ఉండదు. కానీ బస్సు వెనక చక్రాలు ఇనప పలక మీదికి రాగానే పంటు మొత్తం ఓ పక్కకి ఒరిగింది, అమ్మ నా భుజం గట్టిగా పట్టేసుకుంది. ఒకతను పరిగెత్తుకొచ్చి చక్రం కింద చెక్క దూర్చాడు, ఇంకొకతను మోకు విప్పాడు. రెండు పక్కలా మడచెట్లు, వేళ్ళన్నీ బయటపడి బురదలో నిలబడి ఉన్నాయి. కొద్ది నిమిషాల్లో బారాటాంగ్ దీవి ఒడ్డు. ముసలివాళ్ళతో వెళ్తే బస్సు దిగే ముందే చెప్పులు, నీళ్ళ సీసా చేతిలో పెట్టుకోండి. దీని తర్వాత ఇంకో పాయ ఉంది, దానికి ఇప్పుడు వంతెన పడింది.

ఫోను సంగతి. పోర్ట్ బ్లెయిర్‌లో నా సిమ్ముకి ఏ లోటూ లేదు. జిర్కాటాంగ్ దాటగానే గీతలన్నీ పోయాయి. జెట్టీ దగ్గర టీకొట్టులో స్కాన్ చేయబోతే చక్రం తిరుగుతూనే ఉంది, నా దగ్గర చిల్లర లేకపోతే పక్కన కూర్చున్న మత్స్యకారుల అవ్వ ఇచ్చింది. "పోను పలకనేదా బావూ? కదంతల ఎల్తే పలుకుతాది" అంది. అమ్మ మొహం వెలిగిపోయింది, ఆ మాట అచ్చం మా ఊరి మాట. దారికి నోట్లు, చిల్లర తప్పనిసరి. "చేరాం" అన్న ఫోను మధ్యాహ్నం దాకా రాదని ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి.

రంగత్ బజారులో నా సిమ్ము పలికింది గానీ, అక్క ఇంటి దగ్గర పలకలేదు. బావ బీఎస్ఎన్ఎల్ మాత్రం పెరట్లో కూడా పనిచేసింది. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టు 10న మొదలైంది, సుమారు 2,300 కిలోమీటర్లు, రంగత్ దాకా వచ్చింది. అంతకుముందు అంతా ఉపగ్రహం మీదే. అక్క తన చంటిదాని ఫొటో రాత్రి పంపితే అమ్మకి తెల్లారాక అందిన రోజులున్నాయి. ఇప్పుడు అదే పిల్ల వీడియోలో అమ్మమ్మకి ఎక్కాలు ఒప్పజెబుతోంది. మా ఇంటికి సంబంధించినంతవరకు ఆ తీగకి విలువ కట్టలేను.

తిరిగి వచ్చింది సర్కారు ఓడలో, రంగత్ బే జెట్టీ నుంచి. పొద్దున్న ఎక్కితే మధ్యాహ్నం దాటాక దిగాం. పైన డెక్కు మీద గాలికి అమ్మ హాయిగా కునుకు తీసింది. బస్సు కుదుపుల్లో ఆవిడకి ఆ సుఖం దొరకలేదు. ఓడ దొరికితే ఓడే ఎక్కండి. కాకపోతే సముద్రం బాగోకపోతే కదలదు, మాది ఒక రోజు ఆలస్యమైంది. విమానానికి ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుకోమని బావ ముందే చెప్పబట్టి కంగారు పడలేదు. ఆ రోజు అక్క మళ్ళీ చేపల పులుసు పెట్టింది. అమ్మ ఇంకో రోజు కూడా ఓడ ఆగితే బాగుండునంది.