ఐబీఎం మోడల్ ఎం: పాతది కొనొచ్చు, కానీ ముందు రివిట్లు చూడండి

పాత కీబోర్డు ఒకటి బాగుచేసుకుని రోజూ వాడుకోవాలంటే ఐబీఎం మోడల్ ఎం పేరే ముందు చెప్పాలి. 1985లో మొదలైన ఈ కీబోర్డు అమెరికాలోని లెక్సింగ్టన్‌లోనూ, స్కాట్లాండ్‌లోని గ్రీనాక్‌లోనూ తయారయ్యేది. 1991లో ఈ వ్యాపారం లెక్స్‌మార్క్ పేరుతో ఐబీఎం నుంచి విడిపోయింది. 1996 నుంచి లెక్సింగ్టన్‌లోనే యూనికాంప్ అనే చిన్న కంపెనీ దీన్ని చేస్తోంది, విడిభాగాలూ అమ్ముతోంది. అందువల్ల ముప్పై ఏళ్లు దాటిన కీబోర్డుకు ఇవాళ్టికీ కొత్త స్ప్రింగు, కొత్త క్యాప్ (కీ మీద ఉండే అక్షరం మూత) దొరుకుతాయి.

కీ నొక్కగానే క్యాప్ కింద ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా పక్కకు వంగి, అడుగునున్న చిన్న ప్లాస్టిక్ హ్యామర్‌ను కదిలిస్తుంది. ఆ హ్యామర్ పల్చటి రబ్బరు షీటు మీదుగా మెంబ్రేన్‌ను, అంటే కరెంటు గీతలున్న పల్చటి ప్లాస్టిక్ పొరను నొక్కుతుంది. చప్పుడు రావడం, వేలికి ఆ విరుపు తెలియడం, తెర మీద అక్షరం పడటం ఒకే క్షణంలో జరుగుతాయి. చెర్రీ బ్లూ స్విచ్చుల్లో చప్పుడు చేసే ముక్క వేరు, కాంటాక్ట్ వేరు. అలాంటి స్విచ్చులున్న టీవీఎస్ గోల్డ్ కీబోర్డు మీద చేయి తిరిగిన డీటీపీ వాళ్లకు ఈ తేడా మొదటి లైను కొట్టగానే తెలిసిపోతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా దీనికి సాటి వచ్చే కీబోర్డు లేదు.

అయితే దీని బలహీనత కూడా పుట్టుకతో వచ్చిందే. కీల గొట్టాలున్న ప్లాస్టిక్ ఫ్రేమును, వెనకనున్న వంపు తిరిగిన స్టీలు ప్లేటును కలిపి పట్టుకునేవి స్క్రూలు కావు, కరిగించి అతికిన ప్లాస్టిక్ రివిట్లు. వంపు వల్ల వాటి మీద ఎప్పుడూ లాగుడు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ పెళుసుబారి తలలు ఊడిపోతాయి. ఒకటీ రెండూ పోతే ఏమీ తెలియదు. ఒకేచోట నాలుగైదు ఊడితే అక్కడ ప్లేటు ఫ్రేముకు ఎడంగా జరుగుతుంది. హ్యామర్ దెబ్బ మెంబ్రేన్‌కు సరిగా అందదు, విరుపు మెత్తబడుతుంది, కొన్ని అక్షరాలు పడవు. చాలామంది స్ప్రింగు పోయిందనుకుని స్ప్రింగులు మారుస్తూ కూర్చుంటారు. చూడాల్సింది రివిట్లను.

అందుకే కొనేముందు కీబోర్డును చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. లోపల గలగలమంటే అవి తెగిన రివిట్ తలలే. తర్వాత ప్రతి కీనీ విడిగా నొక్కి చూడండి, చప్పుడు లేని కీలు ఒకేచోట గుంపుగా ఉంటే బేరమాడేటప్పుడు ఆ సంగతి లెక్కలోకి తీసుకోండి. వెనక లేబుల్ మీద పార్ట్ నంబరు, తయారీ తేదీ ఉంటాయి. ఎక్కువగా దొరికేది 101 కీల 1391401, దాని కేబుల్ విడిగా ఊడి వస్తుంది. 1990లలో వచ్చిన 42H1292కు నీలం లోగో, ఊడని కేబుల్ ఉంటాయి, ప్లేటు కాస్త పల్చన. దాంట్లో ఒలికిన నీళ్లు బయటకు పోయే దారులు ఉన్నాయి, మన టేబుళ్ల మీద టీ గ్లాసు ఎప్పుడూ పక్కనే ఉంటుంది కాబట్టి అది చిన్న లాభమేమీ కాదు. అయినా రెండిట్లో ఒకటే ఎంచుకోవాలంటే బరువూ గట్టిదనమూ ఎక్కువున్న 1391401కే నా ఓటు.

విప్పడానికి 5.5 మిల్లీమీటర్ల నట్ డ్రైవర్ కావాలి. పల్చటి అంచుతో పొడుగ్గా ఉండాలి, ఎందుకంటే నాలుగు స్క్రూలూ లోతైన గుంతల్లో ఉంటాయి, మామూలు సాకెట్ దూరదు. క్యాప్‌లను నిటారుగా పైకి లాగండి. స్పేస్ బార్‌ను మాత్రం తొందరపడి పెరకొద్దు, దాని అడుగున తీగ ఉంటుంది, ముందు ఆ తీగను విడిపించాలి. క్యాప్‌లు పీబీటీ ప్లాస్టిక్‌వి, అక్షరాలు ప్లాస్టిక్‌లోకి ఇంకిన రంగు కాబట్టి అరగవు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు వేసి కొన్ని గంటలు నానబెట్టి, బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరనివ్వండి. కీల సంకేతాలను కంప్యూటర్‌కు పంపే కంట్రోలర్ బోర్డు నుంచి రిబ్బన్ కేబుళ్లు తీసేటప్పుడు వంకరగా లాగితే కొసన గీతలు లేచిపోతాయి, దానికి మందు లేదు. ప్లేటుకు బిగించిన ఎర్త్ వైరునూ మరిచిపోవద్దు.

ఇక అసలు పని, రివిట్ల బదులు బోల్టులు బిగించడం. కావాల్సినవి ఎం2 సైజు 8 మిల్లీమీటర్ల బోల్టులు, వాటికి నట్లు, 1.6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్, పదునైన ఉలి. ఫ్రేమును బోర్లా పెట్టి వెనకవైపు మిగిలిన రివిట్ తలలను ఉలితో చెక్కేయండి. స్టీలు ప్లేటు, మెంబ్రేన్, రబ్బరు షీటు వరుసగా పైకి వస్తాయి. కింద హ్యామర్లు, స్ప్రింగులు వదులుగా ఉంటాయి, ఫ్రేమును తిప్పితే అన్నీ నేల మీదే. హ్యామర్లన్నీ తీసి డబ్బాలో వేసుకుని, మిగిలిన రివిట్ మొదళ్లను ఫ్రేముకు సమంగా కోసేయండి. ప్రతి మొదలు నడిమధ్యన వేడి సోల్డరింగ్ ఐరన్ మొనతో చిన్న గుంత చేసి, ఆ తర్వాతే డ్రిల్ పెట్టండి. గుంత లేకుండా మొదలుపెడితే బిట్ జారి పక్కనున్న కీ గొట్టం గోడను తినేస్తుంది. వేగం తక్కువలో ఉంచండి, లేకపోతే ప్లాస్టిక్ కరిగి బిట్‌కు చుట్టుకుంటుంది.

లోపల టీ, కూల్‌డ్రింక్ పడిన కీబోర్డు అయితే మెంబ్రేన్‌ను వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి. నల్లబడి తెగిన గీతలుంటే వాహక సిల్వర్ పెయింట్‌తో సన్నగా కలపొచ్చు. ఒక వరుస మొత్తం పనిచేయకపోతే చాలావరకు తెగింది ఆ గీతే. తుడవాలంటే మెత్తటి గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి చాలు, అసిటోన్ దగ్గరకు కూడా రానివ్వొద్దు.

తిరిగి కూర్చేటప్పుడు ఓపిక కావాలి. ప్రతి హ్యామర్ తన చోట, తన దిక్కున ఉందో లేదో చూసుకున్నాకే షీట్లు పరచాలి. బోల్టు తల కీల వైపు, నట్టు ప్లేటు వైపు రావాలి. మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు వెళ్తూ, ఒక్కోటీ కొంచెం కొంచెం బిగించండి. ఒక మూల ముందే గట్టిగా బిగిస్తే రెండో మూలకు ప్లేటు అందదు, ఫ్రేము చీలే ప్రమాదమూ ఉంది. క్యాప్‌లు పెట్టేటప్పుడు స్పేస్ బార్ వైపు పైకి వచ్చేలా కీబోర్డును నిలబెట్టండి, స్ప్రింగు తిన్నగా క్యాప్ లోపల కూర్చుంటుంది. పెట్టాక ఏ కీ అయినా చప్పుడు చేయకపోతే స్ప్రింగు సరిగా కూర్చోలేదన్నమాట, తీసి మళ్లీ పెడితే సరి. రివిట్లను జిగురుతో అతికించి అమ్మేవాళ్లూ ఉన్నారు, అది ఎక్కువ కాలం ఆగదు.

ఇప్పటి కంప్యూటర్‌కు కలపాలంటే పీఎస్/2 (పాతకాలపు గుండ్రటి ప్లగ్గు) నుంచి యూఎస్‌బీకి మార్చే కన్వర్టర్ ఉండాలి, అదీ లోపల చిప్ ఉన్నదే. మౌసులతో ఉచితంగా వచ్చే చిన్న అడాప్టర్లు వైర్లను కలుపుతాయంతే, దీనికి పనికిరావు. పాత మోడల్ ఎం కరెంటు కూడా ఎక్కువ లాగుతుంది, చవక కన్వర్టర్లలో కొన్ని తట్టుకోలేవు. నేరుగా పీఎస్/2 పోర్టులో పెట్టేవాళ్లు కంప్యూటర్ ఆపాకే పెట్టాలి.

ఈ పాత కీబోర్డులో విండోస్ కీ లేదు. తెలుగు, ఇంగ్లిష్ మధ్య మారడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కే అలవాటున్నవాళ్లు ఎడమ ఆల్ట్, షిఫ్ట్‌కు మారాలి, లేదా మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌తో క్యాప్స్ లాక్‌ను విండోస్ కీగా మార్చుకోవాలి. తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో క్యాప్స్ లాక్‌తో పెద్దగా పని ఉండదు కాబట్టి నష్టమేమీ లేదు. మూడు నాలుగు కీలు ఒకేసారి నొక్కితే కొన్ని కలయికలు పడవు, గేములాడేవాళ్లకు దీన్ని సిఫారసు చేయను.

చప్పుడు మాత్రం పక్క గదికి వినిపిస్తుంది. ప్రతి స్ప్రింగు లోపల అంగుళం పొడవు డెంటల్ ఫ్లాస్ దారం దూరిస్తే నొక్కాక వచ్చే ఖంగుమనే ప్రతిధ్వని తగ్గుతుంది, విరుపు చప్పుడు అలాగే ఉంటుంది. ఎలాగూ బోల్టుల కోసం విప్పినప్పుడే ఆ పనీ చేసేయండి.