హూఫ్ బూట్లు: సోల్ కాదు, గెయిటర్ ఏడిపించింది

లాడాలకు బదులు గుర్రం గిట్టలకు తొడిగే హూఫ్ బూట్ల గురించి అడిగితే ఎవరైనా సైజు ఎలా కొలవాలో, సోల్ ఎన్ని కిలోమీటర్లు ఆగుతుందో చెబుతారు. ఆ వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు చెప్పాలనిపించేది బూటు వెనక మడమను చుట్టి ఉండే నియోప్రీన్ పట్టీ గురించి. దాన్ని గెయిటర్ అంటారు. గుర్రం మీద చాలా దూరం వెళ్లే పోటీ, ఎండ్యూరెన్స్ రైడింగ్‌లో గుర్రాన్ని ఉత్త గిట్టలతో తీసుకెళ్లాలా, లాడాలు కొట్టించాలా, బూట్లు తొడగాలా అని ఎంత వాదించుకున్నా, నా విషయంలో లెక్క తేల్చింది మాత్రం ఆ పట్టీయే.

ముందు మంచి చెప్పాలి. మాది తేలికపాటి అరబ్ క్రాస్ ఆడగుర్రం. లాడాలున్న రోజుల్లో ముందు గిట్టల గోడ (బయటి గట్టి పొర) మేకుల చుట్టూ పెచ్చులూడిపోయేది. లాడం ఊడినప్పుడల్లా గోడ ముక్క కూడా దానితోపాటే వచ్చేది. మళ్లీ మేకు దించడానికి గట్టి చోటు ఉండేది కాదు. గిట్ట నెలకు ఒక సెంటీమీటరు లోపే పెరుగుతుంది. పైన వెంట్రుకల అంచు దగ్గర పుట్టిన గోడ ముందు కొనకు చేరాలంటే ఏడాది దాకా పడుతుంది. లాడాలు తీయించాక ఆ మేకుల రంధ్రాలు నెలనెలా కిందికి దిగుతూ, చివరికి ఆకురాయి కింద పొడిగా రాలిపోయాయి. ఆఖరి రంధ్రం పోయిన రోజు నాకు పండగే. గిట్ట అడుగున త్రికోణంలా ఉండే ఫ్రాగ్ ఇదివరకు ఇరుకుగా, లోతైన చీలికతో, తరచూ కుళ్లు వాసన వేసేది. ఇప్పుడది వెడల్పయింది. వేలితో నొక్కితే టైరు రబ్బరులా తగులుతుంది. నడిచేటప్పుడు మడమే ముందు నేలకు ఆనుతోంది. ఇందులో బూటు చేసిందల్లా పని అవగానే పక్కకు తప్పుకోవడం. రైడ్ అయ్యాక విప్పేస్తే మిగతా సమయమంతా ఉత్త గిట్టే నేలను తాకుతుంది.

అలాంటప్పుడు అసలు బూట్లే లేకుండా వెళ్లొచ్చు కదా అంటారు. మెత్తటి మట్టి దారిలో 40 కిలోమీటర్లు అలాగే వెళ్లాం, హాయిగా ఉంది. కానీ గిట్ట ఏ నేల మీద తిరుగుతుందో ఆ నేలకే అలవాటు పడుతుంది. మాది పచ్చికలో తిరిగే గుర్రం. దాన్ని కంకర మీద 80 కిలోమీటర్లు నడిపిస్తే పెరిగేదానికంటే అరిగేదే ఎక్కువ. నిలబడి ఉన్నప్పుడే ఒంటి బరువులో సగానికి పైగా ముందు కాళ్ల మీద ఉంటుంది కాబట్టి బూట్లు ముందు కాళ్లకు మాత్రమే వేస్తాను.

ఇక ఆ రైడ్ సంగతి. 80 కిలోమీటర్ల దూరం, మూడో లూప్, అంటే మూడో చుట్టు. మొదట్లోనే ఒక వాగు, అడుగున సన్నటి ఇసుక. గుర్రం ఆగి నీళ్లు తాగింది, గట్టెక్కాం, ఆ తర్వాత అంతా దిగుడు దారి. బూట్లో చేరిన నీళ్లు కారిపోయాయి గానీ ఇసుక పోలేదు. తడిసిన గెయిటర్ పైఅంచు సాగి సందు ఇచ్చింది. కింద స్క్రూలతో బూటు గట్టి పెంకు అయిన షెల్‌కు బిగించిన భాగం మాత్రం కదల్లేదు. దాంతో ఇసుక లోపలికి చేరుతూ, ప్రతి అడుగుకీ మడమ మీద ఒకే చోట రుద్దింది. జీను మీద కూర్చున్న నాకు ఏమీ తెలియలేదు. ట్రాట్ (చిన్న పరుగు) లయ తప్పలేదు, తల ఊగలేదు, బూటు పక్కకు తిరగలేదు.

పశువైద్యులు (వెట్) గుర్రాన్ని పరీక్షించే వెట్ గేట్‌లో గుండె వేగం గడువుకు ముందే నిమిషానికి 64 కిందికి వచ్చేసింది. ట్రాట్ చేయించి చూస్తే నడక శుభ్రంగా ఉంది. చివర్లో వెట్ వంగి ఎడమ ముందు కాలి మడమ మీద బొటనవేలితో తడిమారు. గుర్రం చటుక్కున కాలు లాక్కుంది. పట్టీ విప్పితే లోపల తడి ఇసుక పొర కట్టి ఉంది. బొటనవేలి గోరంత మేర వెంట్రుకలు పోయి, చర్మం ఎర్రగా చెమ్మగిల్లి ఉంది. “కుంటడం లేదు, వెళ్తారో ఆపుతారో మీ ఇష్టం” అన్నారు. ఆ పుండు మీద బూటు మళ్లీ తొడగలేను, బూటు లేకుండా మిగతా కంకర దారిలో ట్రాట్ చేయించలేను. అక్కడితో ఆపేశాను. ఊపిరి, గుండె, కండ అన్నీ నిబ్బరంగా ఉన్న గుర్రం ఒక్క పట్టీ వల్ల ట్రైలర్ ఎక్కాల్సి రావడం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

తయారీదారుకు రాస్తే, ఇసుక చేరినప్పుడల్లా ఆగి, విప్పి, కడగమని జవాబొచ్చింది. పోటీలో వాగు దాటిన ప్రతిసారీ అది జరిగే పనేనా? షెల్‌ను అంత గట్టిగా చేసినవాళ్లకు గెయిటర్ పైఅంచు మూసుకునేలా కుట్టడం చేతకాదా?

పుండు మానాక మందమైన గెయిటర్ వేసి చూశాను. రాపిడి తగ్గింది, కానీ అది నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. మడమకు జెల్లీ రాస్తే ఇసుక దానికే అంటుకుంది. చివరికి పోటీలకు జిగురుతో అంటించే షెల్స్‌కు మారాను. వాటికి గెయిటరే ఉండదు. 1955లో అమెరికాలో మొదలైన ఎండ్యూరెన్స్ పోటీ టెవిస్ కప్‌లో సియెర్రా నెవాడా కొండల మీద 24 గంటల్లో 100 మైళ్లు వెళ్లాలి. అంటించిన బూట్లతో దాన్ని పూర్తిచేసిన గుర్రాలున్నాయి. అయితే గోడను గరుకు చేసి, తేమ అనేది లేకుండా ఆరబెట్టాలి, జిగురు గట్టిపడేదాకా గుర్రాన్ని కదలనివ్వకూడదు. తీసేటప్పుడు కూడా ఓపిక కావాలి. లోపల తేమ చేరి ఫ్రాగ్ పాడవుతుందని నేను వాటిని రోజుల తరబడి ఉంచను. అంటే పని అవగానే విప్పేసే సౌఖ్యం, ఇందాక నేను అంతగా మెచ్చుకున్నది, ఇక్కడ సగమే.

మామూలు బూట్లకైనా ఆ సౌఖ్యం ఊరికే రాదు. గిట్ట అంచు కత్తిరించి (ట్రిమ్ చేసి) నెల దాటితే బూటు గిట్టకు ఎక్కదు. ఆకురాయి నేనే పడతాను కాబట్టి మధ్యమధ్యలో అంచులు సరిచేసుకుంటాను. గిట్టలు చెక్కి లాడాలు కొట్టే ఫారియర్ వచ్చేదాకా ఆగాల్సినవాళ్లకు ఇది కష్టం. తడి గడ్డి వాలు మీద బూటు జారుతుంది కూడా. నా దారులు రాతివి, గుర్రం తేలిక, నా బరువూ తక్కువే. ఏడాదంతా బురదలో, బరువైన గుర్రంతో తిరిగేవాళ్లకు లాడాలు తీయించమని నేను చెప్పలేను.

వచ్చే రైడ్‌కు ముందు కాళ్లకు అంటించే షెల్స్, వెనక కాళ్లు ఉత్తవే. షెల్ ఊడితే దారిలో తొడగడానికి గెయిటర్ బూటు ఒకటి జీను సంచిలో పెట్టుకుంటాను. కొత్త కుట్టుతో గెయిటర్ ఎవరైనా చేస్తే మళ్లీ కొంటాను, కానీ ముందు ఇసుక వాగులో నడిపించి చూశాకే.