ఆన్‌లైన్ ఎంబీఏనా, వీకెండ్ ఎంబీఏనా: కంపెనీ వాళ్ల కంటికి ఏది ఆనుతుంది?

"అక్కా, ఆన్‌లైన్ ఎంబీఏ చేస్తే కంపెనీలు లెక్కలోకి తీసుకుంటాయా?" మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు పనిచేసే మన తెలుగు పిల్లలు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నేను బెంగళూరులో రిక్రూట్‌మెంట్‌లోనే ఉన్నాను కాబట్టి ఇటువైపు కూర్చుంటే ఏం కనిపిస్తుందో చెప్తాను.

చెల్లుతుందా లేదా అన్న టెన్షన్ వదిలేయండి. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం గుర్తింపు ఉన్న యూనివర్సిటీ ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే, 2022 సెప్టెంబరులో ఆ మాటే మళ్లీ తేల్చి చెప్పారు కూడా. కానీ చెల్లడం వేరు, కోరి తీసుకోవడం వేరు. ఆన్‌లైన్, రెగ్యులర్ డిగ్రీలు రెండింటినీ ఒకే కళ్లతో చూడాలని ప్రైవేటు కంపెనీకి రూలేమీ లేదు కదా.

నన్నడిగితే, మీ పని తెలిసినవాళ్లు డిగ్రీ చూస్తున్నారా, తెలియనివాళ్లు చూస్తున్నారా అన్నదే అన్నిటికంటే ముఖ్యం. ఉన్న కంపెనీలోనే టీమ్ లీడ్ నుంచి మేనేజర్ అవ్వాలి, ఆ గ్రేడ్‌కి పీజీ ఉండాలని హెచ్‌ఆర్ పాలసీలో రాసుంది అనుకోండి, అప్పుడు ఆన్‌లైన్ ఎంబీఏ హాయిగా సరిపోతుంది, ఎందుకంటే మీరు ఎలాంటివారో మీ బాస్‌కి ఇప్పటికే తెలుసు, డిగ్రీ ఫైల్లో ఉండాల్సిన కాగితం మాత్రమే. చెన్నై దగ్గర ఒరగడం, శ్రీపెరుంబుదూరు ప్లాంట్లలో ప్రొడక్షన్ వైపు ఉన్నవాళ్లకీ ఇదే చెప్తాను. షిఫ్టులు మారుతుంటే క్లాసుకి వెళ్లడం ఎలాగూ కుదరదు. ఫీజు కూడా చాలా యూనివర్సిటీల్లో లక్షన్నర, రెండు లక్షల్లో అయిపోతుంది.

అదే టెస్టింగ్‌లో ఉన్న అబ్బాయి ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌కో కన్సల్టింగ్‌కో మారదామనుకుంటే కథ వేరు. అక్కడ మీ రెజ్యూమె పరిచయం లేని మనిషి చేతిలో పడుతుంది. గుట్టగా వచ్చిన రెజ్యూమెల్లో ఒక్కోదాని మీద ఆ మనిషి చూపు ఎంతసేపు నిలుస్తుంది? ముందు ఇప్పటి ఉద్యోగం చూస్తారు, తర్వాత కాలేజీ పేరు. ఆ చోట పేరున్న కాలేజీ ఉంటే పేజీ ఆగుతుంది, లేకపోతే తిప్పేస్తారు. అది ఆన్‌లైనా కాదా అనే ఆలోచన దాకా కూడా వెళ్లరు చాలాసార్లు. బన్నేరుఘట్ట రోడ్డులో ఐఐఎం బెంగళూరు వాళ్ల పీజీపీఈఎం లాంటి వీకెండ్ ఎంబీఏలు ఇక్కడే అక్కరకొస్తాయి. ఉద్యోగం మానక్కర్లేదు, పట్టా ఎంబీఏ పట్టానే, అన్నిటికీ మించి వారం వారం పక్క కుర్చీలో వేరే కంపెనీ మేనేజర్ కూర్చుంటాడు. రేపు తన టీమ్‌లో ఖాళీ వచ్చినప్పుడు "మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉంది" అని చెప్పేది ఆ మనిషే. రికార్డ్ చేసిన వీడియోలు ఆ పని చేసిపెట్టవు. కాబట్టి ఎంట్రన్స్ దాటగలిగి, ఫీజు భరించగలిగితే, రంగం మారాలనుకునేవాళ్లకి నా ఓటు వీకెండ్‌కే.

అలాగని ఆన్‌లైన్‌లో చదివినవాళ్లు ఇంటర్వ్యూలో తేలిపోతారని కాదు. మొన్నామధ్య ఒకమ్మాయి వచ్చింది, ఆన్‌లైన్ డిగ్రీయే. ఇన్వెంటరీ పాఠం విన్నాక తను పనిచేసే గోడౌన్‌లో ఏ సరుకు నెలల తరబడి కదలకుండా పడి ఉందో లెక్క తీసి, ఆర్డర్ పెట్టే పద్ధతి మార్పించిందట. ప్యానెల్ వాళ్లు దాని మీదే ప్రశ్న మీద ప్రశ్న వేశారు, యూనివర్సిటీ ఊసే ఎత్తలేదు. అదే రోజు వచ్చిన ఇంకొకతన్ని, చదివినవాటిలో ఆఫీసులో ఏది వాడావని అడిగితే సిలబస్ అప్పజెప్పాడు. అక్కడితో అయిపోయింది. ఆన్‌లైన్ వాళ్లని ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు, జవాబు ఇప్పటినుంచే కూడబెట్టుకోండి.

ఉద్యోగం మానేసి ఏడాది చదివే కోర్సు పెద్ద కాలేజీలో సీటు వస్తేనే, పైగా అప్పు తట్టుకోగలిగితేనే. పెద్ద సంస్థల పేరుతో వచ్చే ఆరు నెలల సర్టిఫికెట్లు డిగ్రీలు కావు, ప్రమోషన్‌కి పీజీ అడిగితే అవి చూపించలేరు. దూరవిద్య ఎంబీఏకి కాగితం విలువ ఆన్‌లైన్‌తో సమానమే, చదివే తీరే తేడా.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నా. కౌన్సెలర్ అంటూ రోజూ ఫోన్ చేసి "ఈ రాత్రితో డిస్కౌంట్ అయిపోతుంది" అనేవాళ్ల మాట మీద ఈఎంఐకి సంతకం పెట్టకండి. యూనివర్సిటీ తన కోర్సుని ఇలాంటి మధ్యవర్తులకి ఫ్రాంచైజీగా ఇవ్వడం యూజీసీ ఒప్పుకోదు. యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు, ఆ కోర్సు పేరు, మీరు చేరే సెషన్ మూడూ ఉన్నాయా చూసి, అక్కడే డెబ్ ఐడీ (ఆ బ్యూరో విద్యార్థికి ఇచ్చే నంబరు) తీసుకుని, ఫీజు నేరుగా యూనివర్సిటీ ఖాతాకే కట్టండి.